చేదు కాఫీకి పదికి పది

“నేను ఆ కింది గదిలోనే పోతాను. పోయాక ఒక్కడూ రాడు. అందరూ ఫోన్‌లో గులాబీ పువ్వు బొమ్మ పంపించి చేతులు దులుపుకుంటారు.”

అది శుక్రవారం మధ్యాహ్నం. వారమంతా సగం కర్ఫ్యూ, శుక్రవారం పూర్తి కర్ఫ్యూ. ఒక చేత్తో ఛాతీ, ఇంకో చేత్తో మా గుమ్మం పట్టుకుని ఆ మాట అన్న మనిషికి ఓదార్పుగా ఏదైనా చెప్పి ఉండొచ్చు. నేను చెప్పలేదు. కెమిస్ట్రీ చదివి, నీటి పరీక్షల ల్యాబ్‌లో నాలుగేళ్ళు పనిచేసినదాన్ని. మాటల మీద నమ్మకం తక్కువ, అంకెల మీద ఎక్కువ. లోపలికి వెళ్ళి ఆక్సిజన్ మీటర్ తెచ్చి ఆయన వేలికి తగిలించాను.

“తొంభై ఎనిమిది, బాబాయ్. మీకేం కాలేదు.”

“నీ మిషన్‌కి ఏదో అయింది. ఇంకో వేలికి పెట్టు.”

పెట్టాను. తొంభై తొమ్మిది వచ్చింది.

“చూశావా, మాట మీద నిలబడదు అది,” అన్నాడాయన. నా వెనక నేల మీద పాకుతున్న నా కూతుర్ని చూసి, “ఈ పిల్లకి ఎంత?” అని అడిగాడు.

“ఇందాక తొంభై ఏడు.”

“ఇందాక అంటే?”

“పది నిమిషాల క్రితం.”

ఆయన నన్ను కాసేపు చూశాడు. ఊపిరి ఆడనివాడు తనా, నేనా అన్న సందేహం ఆ చూపులో ఉంది. నిజానికి ఆ మీటర్ రనీమ్ కోసం కొన్నదే. మా పిల్లకి తొమ్మిది నెలలు. ఊరంతా ఆడపిల్ల పుడితే ముందు బంగారు గాజు తొడుగుతుంది. మా పిల్ల ఒంటికి తగిలిన మొదటి నగ కాలి బొటనవేలి మీద ఎర్రగా మెరిసే ఆ మీటరే.

ఆయన్ని అందరూ అబూ హైథమ్ అంటారు, అంటే హైథమ్ తండ్రి. హైథమ్ అనేవాడు ఈ లోకంలోకి రాలేదు. ఆయనకి పెళ్ళి కాకముందే పుట్టబోయే కొడుక్కి తాతగారి పేరు ఖాయం చేసేశారు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, కానీ పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. అలా ఆయనా, ఉమ్ హైథమ్ అని పిలిచే ఆయన భార్యా, నలభై ఏళ్ళు రాని మనిషికి అమ్మానాన్నలుగా పిలిపించుకున్నారు. అమ్మాన్‌లో మా జబల్ జోఫె కొండ మీద, మెట్ల వీధిలో, మా కింద వాటాలో ఉండేవారు.

ఆయన పని చావు పరామర్శల్లో చేదు కాఫీ పోయడం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. కొండ మీద ఎవరు పోయినా మూడు రోజులు పరామర్శల హాలు తెరుస్తారు. గోడల పొడుగునా కుర్చీలు వేస్తారు. మగవాళ్ళు వచ్చి, వరసగా చేతులు కలిపి కూర్చుంటారు. ఆయన ఎడమ చేతిలో ఇత్తడి కూజా, కుడి చేతిలో ఒకదాంట్లో ఒకటి పేర్చిన పిడతల్లాంటి చిన్న కప్పులతో కుడివైపు నుంచి మొదలుపెడతాడు. కప్పులో మూడో వంతు పోయాలి. నిండా పోస్తే “తాగి బయటికి నడు” అని అర్థం. అతిథి తాగి కప్పు తిరిగి ఇస్తాడు. చాలనుకుంటే ఇచ్చేటప్పుడు మణికట్టుతో కప్పుని అటూ ఇటూ ఊపుతాడు. ఊపకపోతే మళ్ళీ పోయాల్సిందే. నోటితో ఎవరూ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ చెప్పరు.

“ఏడుపు నమ్మను నేను, మణికట్టు నమ్ముతాను,” అనేవాడు అబూ హైథమ్. “కన్నీళ్ళు పెట్టుకునేవాడు ఒక కప్పుకే ఊపేసి బండెక్కుతాడు. ఓ మూల కూర్చున్న పిసినారి మొహంగాడు నాలుగు తాగి కూడా ఊపడు. వాడికి పోయినవాడు కావాల్సినవాడన్నమాట.” ఒకసారి ఒక పెద్దమనిషి ఫోన్ చూసుకుంటూ ఊపడం మరిచిపోయి పద్నాలుగు కప్పులు తాగాడట. రెండు రోజులు నిద్రపట్టక గుండె దడతో ఆసుపత్రిలో చేరాడట. “మీరైనా ఆపొచ్చు కదా బాబాయ్,” అంటే ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. “వాడు ఊపలేదుగా,” అన్నాడు.

తర్వాత కరోనా వచ్చింది. హాళ్ళకి తాళాలు పడ్డాయి. చావులు మాత్రం ఆగలేదు, పెరిగాయి కూడా. పేపర్లో మరణ ప్రకటనల కింద ఒక కొత్త వాక్యం చేరింది: పరామర్శలు ఫోన్ ద్వారా మాత్రమే స్వీకరించబడును. అబూ హైథమ్ ఆ వాక్యాన్ని ఉద్యోగం పోయిన ఉత్తరంలా చదివాడు. జనం ఇంతగా పోతున్న కాలంలో చావుల మీద బతికేవాడికి పని లేకుండా పోయింది. దీన్ని చూసి నవ్వొచ్చని ఆయనే అన్నాడు. అప్పటికింకా ఆయన నవ్వుతున్నాడు.

ఆ నవంబర్లో ఉమ్ హైథమ్ పోయింది. ఆసుపత్రిలో పన్నెండు రోజులుంది. ఖననానికి ఐదుగురిని రానిచ్చారు. పని పది నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చి ఆయన కాఫీ గింజలు వేయించాడు, రోట్లో దంచాడు, ఏలకులు వేసి కాచాడు. కూజా పొయ్యి పక్కన పెట్టుకుని, తలుపు బార్లా తెరిచి, గోడ పొడుగునా ఉన్న ఏడు కుర్చీలకి ఎదురుగా మూడు రోజులు కూర్చున్నాడు. మెట్ల మీద నుంచి నేను చూశాను. పిల్లని ఎత్తుకుని, రెండు మాస్కులు పెట్టుకుని, ఐదు మెట్ల దూరం నుంచి, “అల్లా ఆమెని కరుణించుగాక,” అన్నాను. లోపలికి వెళ్ళలేదు. పిల్ల ఉంది కదా. ఆ రోజుల్లో నా పిరికితనాలన్నిటికీ రనీమ్ పేరే పెట్టుకున్నాను.

మనుషులు రాలేదు కానీ ఫోన్ వచ్చింది. జర్కాలో ఉంటున్న పెద్ద కూతురు నిస్రీన్, నాన్న ఒంటరిగా ఉండకూడదని, కొత్త ఫోన్ కొని పంపింది. మూడు రోజుల్లో అందులో నాలుగు వందల పన్నెండు సందేశాలు. ఒక్కొక్కటీ టింగ్ మంటూ వచ్చింది. ఎక్కువ భాగం గులాబీ పువ్వులు, మిగిలినవి వెలిగే కొవ్వొత్తులు. ఒక బంధువు తొందర్లో పుట్టినరోజు కేకు పంపి, చెరిపేసి, మళ్ళీ గులాబీ పంపాడు. ఇంకొకాయన ఎవరికో పంపిందే పంపాడు: “మీ తండ్రి హాజీ సులేమాన్ మరణానికి మా ప్రగాఢ సానుభూతి.” మూడో రోజు సాయంత్రం అబూ హైథమ్ కూజాలో కాఫీ మొత్తం సింకులో పారబోశాడు. ఆ తర్వాత ఆ కూజా ముట్టుకోలేదు.

ఊపిరి పట్టేయడం అక్కడ మొదలైంది. టింగ్ మంటే చాలు, గొంతు బిగిసేది. రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తాడు. రెండుసార్లూ గుండె పరీక్షలు చేసి, “నీకేం లేదు హాజీ,” అని పంపేశారు. మూడోసారి వెళ్తే ఒక కుర్ర డాక్టరు చీటీ మీద ధర్మ ఆసుపత్రి నంబరు రాసిచ్చాడు. అక్కడ మనసు డాక్టరు ఉంది, ఫోన్‌లోనే చూస్తుంది అని.

అలా అరీజ్ అనే డాక్టరమ్మ వచ్చింది. వారానికి నలభై నిమిషాలు వీడియోలో మాట్లాడుతుంది. మిగతా ఆరు రోజులు చూసుకోవడానికి మబ్బు బొమ్మ ఉన్న యాప్ ఒకటి ఇచ్చింది. ఫోన్‌లో పుట్టిన జబ్బుకి ఫోన్‌లోనే మందు. అందులోనూ ఆ యాప్ రోజూ నాలుగు గంటలకి గుర్తుచేస్తుంది. ఎలాగంటే టింగ్ మని. గులాబీ పువ్వులు వచ్చిన అదే టింగ్. “ఒక్క క్షణం ఆగి, హాయిగా ఊపిరి తీసుకోండి,” అని తెర మీద పడేది. అది పడగానే ఈయన ఊపిరి ఆగేది.

యాప్‌లో ఒక ఆడగొంతు ఉండేది. “కళ్ళు మూసుకోండి. పచ్చని అడవిలో, సెలయేటి పక్కన ఉన్నట్టు ఊహించుకోండి,” అనేది.

“అడవా?” అన్నాడు అబూ హైథమ్. “నేను పుట్టి అరవై నాలుగేళ్ళు. చూసిన అడవల్లా ట్రాఫిక్ పోలీసు ఆఫీసు ముందు మూడు సరుగుడు చెట్లు. సెలయేరంటే మున్సిపాలిటీ పైపు పగిలినప్పుడు చూశాను. ఆ అమ్మాయికి పెళ్ళయిందా?”

“అది రికార్డింగ్, బాబాయ్.”

“అయినా అంత గుసగుసగా మాట్లాడుతుందేం? ఇంట్లో ఎవరైనా నిద్రపోతున్నారా?”

నాలుగో రోజుకి ఆయన ఫోన్‌ని గోధుమ రవ్వ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. కూతురికి తెలియకూడదు, డాక్టరమ్మ నొచ్చుకోకూడదు, కనక రోజూ నాలుగింటికి నేను కిందికి దిగి, డబ్బాలోంచి ఫోన్ తీసి, రవ్వ దులిపి, ఆయన చెప్పిన జవాబు నొక్కాలి. కిటికీ తెరిచి ఉంటేనే, మాస్కుతోనే, గుమ్మం దగ్గరే అని మూడు షరతులు పెట్టాను. ఇంతకాలం ఐదు మెట్ల దూరం నుంచి పలకరించిన పాపానికి పరిహారం అనుకున్నాను.

“ఈరోజు ఎలా ఉన్నారు, బాబాయ్?”

“అల్‌హమ్దులిల్లా,” అన్నాడు, అంటే దేవుడికి కృతజ్ఞతలు.

“అది సరే, పదికి ఎంత? ఒకటి అంటే బాగా బాధ. పది అంటే సంతోషం.”

“దేవుడిచ్చినదానికి మార్కులు వేస్తానా నేను? పది వెయ్యి.”

పది వేశాను. యాప్‌లో ఒక పువ్వు పూసింది. పది వేసినప్పుడల్లా ఒక పువ్వు. ఇరవై ఒక్క రోజులు ఇరవై ఒక్క పదులు. ఫోన్‌లో తోట విరగబూసింది. ఎదురుగా ఆ తోట యజమాని చొక్కా వదులై భుజాల మీంచి జారుతోంది. మా అత్తగారు పంపిన పప్పు చారు గిన్నె నిన్న పెట్టిన చోటే మీగడ కట్టి ఉంటోంది. నేను అన్నీ చూస్తూనే పది నొక్కాను. రోగి ఇచ్చిన అంకెని నా ఇష్టం వచ్చినట్టు మార్చడం తప్పని చదువుకున్నదాన్ని మరి.

ఆ వీడియో మాటలు ఎలా సాగేవో కూడా చెప్పాలి. నలభై నిమిషాల్లో పదిహేను ఆయన డాక్టరమ్మ క్షేమసమాచారాలు అడగడానికే పోయేవి. మీ ఆరోగ్యం ఎలా ఉంది, అమ్మగారి ఆరోగ్యం, ఇంట్లో అందరూ, అమ్మగారి మోకాలు, ఆ మోకాలికి ఆలివ్ నూనె రాశారా. పాపం ఆవిడ అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పేది. నెల తిరిగేసరికి ఆవిడ ఇంటి సంగతులన్నీ ఈయనకి తెలుసు. ఈయన గురించి ఆవిడకి తెలిసింది ఒక్కటే, అల్‌హమ్దులిల్లా.

ఐదో వారం ఫోన్ నేను పట్టుకున్నాను. ఆయన చేతికిస్తే కిందపడేసేలా ఉన్నాడు.

“అబూ హైథమ్ గారూ, మీ గ్రాఫ్ చూశాను,” అంది డాక్టరమ్మ. “ఇంత మంచి ఫలితం నేను చాలా అరుదుగా చూశాను. మా లెక్క ప్రకారం మీకింక నా అవసరం లేదు. అరవై మంది వరసలో ఉన్నారు. వచ్చే వారంతో ముగిద్దామా?”

“మీకు దేవుడు ఆయుష్షు ఇవ్వాలి, డాక్టరమ్మా. అమ్మగారి మోకాలు జాగ్రత్త.”

ఫోన్ పెట్టేశాక ఆయన చేతులు వొళ్ళో పెట్టుకున్నాడు. ఒక చేయి ఇంకో చేతిని అదిమి పట్టుకున్నా రెండూ వణుకుతూనే ఉన్నాయి. నాకు అప్పుడు తెలివొచ్చింది. ల్యాబ్‌లో చేరిన మొదటి వారంలోనే మా పెద్దాయన చెప్పాడు, గీత మరీ తిన్నగా వస్తే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాదు, పరికరం చెడిపోయిందని అనుమానించమని. ఇక్కడ చెడిపోయిన పరికరం నేనే.

అదే సాయంత్రం అబూ లాఫీ వచ్చాడు. పరామర్శల హాలు బాగోగులు చూసేది ఆయనే. గుమ్మం బయటి నుంచే కబురు చెప్పాడు. హాళ్ళు తెరవడానికి అనుమతి వచ్చింది. ఇరవై మందికి మించకూడదు, కుర్చీలు దూరంగా వేయాలి. బేకరీ వాళ్ళ తాతగారు పోయారు. పది రోజులాగి, అనుమతి కాగితం చేతికొచ్చాక, పై వారం గురువారం ఒక్కరోజు పరామర్శ పెడుతున్నారు.

“నువ్వు పోయకపోతే ఎవరు పోస్తారు?” అన్నాడు అబూ లాఫీ. “కుర్రాళ్ళు థర్మాస్ ఫ్లాస్కుతో వస్తామంటున్నారు. అలా చేస్తే పోయినాయన లేచి కూర్చుంటాడు.”

“అల్‌హమ్దులిల్లా, వస్తాను,” అన్నాడు అబూ హైథమ్.

అబూ లాఫీ వెళ్ళాక అబూ హైథమ్ కూజా తీయబోయాడు. అల్మరా తలుపు దాకా చేయి వెళ్ళింది. అక్కడే ఆగింది. గోడకి చేరగిలబడి, గాలి కోసం నోరు తెరిచాడు. చాలాసేపటికి గానీ తేరుకోలేదు. “ఈసారి పోయలేకపోతే ఇంక పోయలేను, అమ్మాయ్,” అన్నాడు. “అప్పుడు నేను ఎవరిని?”

నా చేయి అలవాటుగా మీటర్ కోసం జేబులోకి వెళ్ళింది. అది మేడ మీదే ఉండిపోయింది.

మర్నాడు నేను మా ఇంట్లో చేదు కాఫీ కాచి, ఫ్లాస్కులో పోసుకుని, చిన్న కప్పొకటి పట్టుకుని దిగాను. ఏ సిద్ధాంతంతోనూ కాదు. తిండి ఎలాగూ తినడం లేదు, కాఫీ అయినా లోపలికి వెళ్తుందని. కప్పు నిండా పోసి ఇచ్చాను.

ఆయన కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇన్ని నెలల తర్వాత ఆ మొహంలో రక్తం కనిపించింది.

“ఎవరు పెంచారమ్మా నిన్ను? నా ఇంట్లో నన్నే బయటికి నడవమంటున్నావా?”

“తెలియక పోశాను, బాబాయ్.”

“కాలేజీలో చెప్పలేదా? నీళ్ళలో సున్నం కొలుస్తారు గానీ కప్పులో మూడో వంతు కొలవలేరు. పారబోసి మళ్ళీ పొయ్యి. ఫ్లాస్కు కుడి చేత్తోనా? ఎడమ చేత్తో పట్టుకో. కప్పు కుడి చేత్తో ఇవ్వు. నిలబడి.”

నిలబడి పోశాను. తాగాడు, “ఏలకులు మాడ్చావు,” అన్నాడు, కప్పు తిరిగి ఇచ్చాడు. ఊపలేదు. మళ్ళీ పోశాను. ఊపలేదు. మూడు, నాలుగు, ఐదు. రనీమ్ నా చంకలో ఉంది, ఒక చేత్తో పిల్లా, ఒక చేత్తో ఫ్లాస్కూ, కప్పు దేంతో పట్టుకోవాలో తెలియక ముక్కుతో పట్టుకోవాల్సి వస్తుందేమో అనుకున్నాను. ఎనిమిదోది అయ్యాక అడిగాను.

“చాలదా, బాబాయ్?”

“నేను ఊపలేదుగా.”

“మరి ఊపండి.”

కప్పు ఆయన చేతిలోనే ఉండిపోయింది. “ఎలా ఊపను?” అన్నాడు. “నాలుగు వందల పన్నెండు వచ్చాయి. ఒకటి మింగేలోపల ఇంకొకటి. టింగ్, టింగ్, టింగ్. మనిషి పోస్తే నా మణికట్టు చూస్తాడు, ఆపుతాడు. ఆ ఫోన్‌కి కళ్ళేవి? పోస్తూనే ఉంది. ఇప్పటికీ పోస్తూనే ఉంది. నేనేమో నిండిపోయాను.”

“ఈ మాట డాక్టరమ్మకి చెప్పలేదే?”

“ఏమని చెప్పను? దేవుడు బాగా చూసుకోవడం లేదని, పరాయి ఆడపిల్లకి పితూరీ చెప్పనా? అది కూడా ఒక మబ్బు బొమ్మ యాప్‌లో?”

“మరి నాకెందుకు చెప్పారు?”

“నువ్వు కాఫీ పోశావు,” అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా.

వారం చివర ఆఖరి వీడియో. పదిహేను నిమిషాల క్షేమసమాచారాలు యథాప్రకారం జరిగాయి. మోకాలికి ఆలివ్ నూనె పనిచేయలేదని తెలిసింది. తర్వాత ఆయనే గొంతు సవరించుకున్నాడు.

“డాక్టరమ్మా, నేను మీకు అబద్ధం చెప్పలేదు. దేవుడికి కృతజ్ఞత చెప్పాను. మీరు దాన్ని మార్కులనుకున్నారు.”

తర్వాత కాఫీ మాట చెప్పాడు. నాలుగు వందల పన్నెండు కప్పుల మాట, ఏడు ఖాళీ కుర్చీల మాట, సింకు మాట. చెబుతున్నంతసేపూ తెరని కాకుండా గోడని చూశాడు. ఆవిడ మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మంచి డాక్టరని నాకు అప్పుడు తెలిసింది, ఇది వెక్కిరింపు కాదు.

“యాప్ అంటే యంత్రం, సరే,” అంది చివరికి. “నాకైనా తెలియాలి కదా. మా తాత కూడా చనిపోయే రోజు పొద్దున అల్‌హమ్దులిల్లా అనే అన్నాడు.” “ముగించడం లేదు,” అంది. “ఈ మార్కులు వదిలేయండి. ఈరోజు దుఃఖం మీకు ఎన్ని కప్పులు పోసిందో చెప్పండి.”

ఆయన ఆలోచించాడు. మొదటిసారి ఒక లెక్కని సీరియస్‌గా తీసుకోవడం చూశాను. “పదకొండు. ఒక్కసారీ ఊపలేదు.”

“యాప్‌లో పది దాకే ఉంది,” అన్నాను నేను.

“పది అంటే అక్కడ సంతోషం కదా. తిరగేసుకోండి,” అందావిడ. “ఒకటి నొక్కి, పక్కన పదకొండు అని రాయండి.”

ఒకటి నొక్కాను. ఇన్ని వారాల తోట కళ్ళ ముందే తలలు వాల్చేసింది. “మీ పూలు వాడిపోతున్నాయి,” అని యాప్ బాధపడింది.

అబూ హైథమ్ తెర దగ్గరికి వంగి చూశాడు. “పోనీలే,” అన్నాడు. “ఉమ్ హైథమ్ కోసం ఇన్నాళ్ళకి ఒకటైనా తల వంచింది.”

అప్పుడు డాక్టరమ్మ యాప్‌కి పద్ధతి నేర్పింది. ముందు టింగ్ నోరు మూయించింది. ఇక యాప్ ఆయన్ని పిలవదు, ఈయనే వీలున్నప్పుడు తెరుస్తాడు. అడవినీ సెలయేటినీ పీకేయించి, “మీ చెవికి తెలిసిన చప్పుడు ఏది?” అని అడిగింది. చెక్క రోట్లో కాఫీ గింజలు దంచే చప్పుడు, అన్నాడాయన. రెండు దెబ్బలు గింజల మీద, ఒకటి రోటి అంచు మీద, మధ్యలో కాస్త విరామం. పెళ్ళిళ్ళలో దానికి తాళం వేస్తారు. ఆయన దంచాడు, నేను ఫోన్‌లో రికార్డు చేశాను. రెండు దెబ్బలకి ఊపిరి లోపలికి, అంచు మీది దెబ్బకి ఆపడం, విరామంలో వదలడం. వట్టి రోలు దంచడం సిగ్గుచేటని ఆయన గింజలు వేయించాడు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లోంచి మెట్ల మీదికి కాఫీ వాసన వచ్చింది.

అద్భుతాలేమీ జరగలేదు. ఒకరోజు నాలుగు కప్పులు, మర్నాడు తొమ్మిది, ఆ మర్నాడు ఆరు. గ్రాఫ్ మా కొండ మెట్లలా గతుకులు గతుకులుగా ఉంది. నాకు దాన్ని చూస్తే ధైర్యం వచ్చింది, ఇప్పుడు పరికరం పనిచేస్తోంది కనక. ఫోన్ రవ్వ డబ్బాలోంచి బయటికొచ్చి పొయ్యి గట్టు మీదికి చేరింది. ఒకరోజు పాత సందేశాలు తనే తెరిచి, హాజీ సులేమాన్‌కి సంతాపం తెలిపినాయనకి గొంతు రికార్డు చేసి పంపాడు: “మీ ఆదరానికి కృతజ్ఞతలు. హాజీ సులేమాన్ ఇక్కడికి చేరలేదు, దారి తప్పినట్టున్నాడు. కనిపిస్తే మీరడిగారని చెబుతాను.” నిస్రీన్ అది విని, నాన్నకి మతి చలించిందేమోనని నాకు ఫోన్ చేసింది. లేదు, తిరిగొచ్చింది అన్నాను.

గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తోమిన కూజా పట్టుకుని మెట్లు దిగాడు. ఆడవాళ్ళు ఆ హాల్లోకి వెళ్ళరు. నేను పిల్లతో కిటికీలో నిలబడ్డాను, హాలు కనిపిస్తుందని కాదు, ఆయన తిరిగొచ్చే మెట్లు కనిపిస్తాయని. ఎండ వాలే వేళకి వచ్చాడు. చొక్కా మీద కాఫీ మరకలు మూడు.

“ఏమైంది, బాబాయ్?” పిల్లతో మెట్ల మీదికి దిగి అడిగాను.

మెట్టు మీద కూర్చుని, కూజా పక్కన పెట్టుకున్నాడు. “కాగితం కప్పులిచ్చారు. ప్రభుత్వం రూలట. ఊపితే చప్పుడు రాదు, పట్టుకుంటే నిలబడదు. మొదటి కప్పు బేకరీ పెద్దకొడుకు బూటు మీద పోశాను. అల్‌హమ్దులిల్లా అన్నాడు పాపం. రెండోది నా మీదే పోసుకున్నాను.”

“తర్వాత?”

“గొంతు పట్టేసింది. కూజా అబూ లాఫీ చేతిలో పెట్టి, బయటికొచ్చి, ఫోన్ చెవికి పెట్టుకుని మన రోలు విన్నాను. మూడు నిమిషాలు. నేను రెండో పెళ్ళి గురించి మాట్లాడుకుంటున్నానని లోపల అనుకున్నారట.” ఆయన నవ్వాడు, నవ్వులో దగ్గాడు. “మళ్ళీ లోపలికి వెళ్ళాను. పోశాను. ఇరవై మందికీ పోశాను. ఒకడు నాలుగు తాగి ఊపలేదు. నేను వాడి ముందు నిలబడే ఉన్నాను. ఐదోదానికి ఊపాడు.”

“చెయ్యి?”

“వణికింది. వణుకుతూనే పోశాను.” చొక్కా మరకలు చూసుకున్నాడు. “ఈరోజు ఆరు అని రాయి. ఆరోదానికి ఊపాను.”

రాశాను. రాసేటప్పుడు ఆయన పక్కన తెరిచి ఉన్న నా ఫోన్ చూశాడు. అందులో పాలు పట్టిన వేళల యాప్, నిద్ర యాప్, డైపర్ల యాప్, బరువు గీతల యాప్, ఆ రోజు ఎంతమందికి కరోనా వచ్చిందో, ఎంతమంది పోయారో చెప్పే అంకెల పేజీ. రనీమ్ కాలి వేలికి మీటర్ ఎర్రగా మెరుస్తోంది. ఆ పిల్ల దాన్ని పీకి నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

“ఇవాళ ఎన్నిసార్లు పెట్టావు దానికి అది?”

“పదకొండు.”

“ఎంత వచ్చింది?”

“తొంభై ఏడు. తొంభై ఎనిమిది. తొంభై ఏడు.”

ఆయన పిల్ల వేలి నుంచి మీటర్ తీసి నా చేతిలో పెట్టలేదు, తన చొక్కా జేబులో వేసుకున్నాడు. కూజాలో అడుగున మిగిలిన కాఫీ కాగితం కప్పులో మూడో వంతు పోసి నాకిచ్చాడు. తాగి తిరిగిచ్చాను. ఆయన కూజా వంచి, నా మణికట్టు వైపు చూస్తూ ఆగాడు.

“చాలనిపించినప్పుడు ఊపాలి, అమ్మాయ్. పోసేవాడు ఆపడు, అది వాడి పని కాదు.”

మీటర్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. పిల్లకి జ్వరం వస్తే అడిగి తెచ్చుకుంటాను. సాయంత్రం అంకెల పేజీ ఒక్కసారి తెరుస్తాను, అంకె చదువుతాను, ఫోన్ బోర్లా పెట్టి మణికట్టు అటూ ఇటూ ఊపుతాను. మా ఆయన చూసి, చేతికి ఏమైందని అడిగాడు.